మాల్యాద్రి బ్రేకు షూలు

పోర్టు రోడ్డు మీద మాల్యాద్రి బండి బొగ్గు లారీ వెనక ఆగలేదు. లారీయే కదిలి ముందుకు పోయింది. కనుకనే మాల్యాద్రీ, వెనక చేపల గంపతో కూర్చున్న అతని పెళ్లాం కామాక్షమ్మా బతికారు. బండి కాస్త నెమ్మదించీ నెమ్మదించక ముందే కామాక్షమ్మ దూకేసింది. గంప దించుకుంది. వెనకాలే వస్తున్న పెంచలప్రసాద్ ఆటోను చెయ్యెత్తి ఆపి, గంప ఎక్కించి, తానూ ఎక్కి ముత్తుకూరు పోయింది.

మర్నాడూ ఆటోనే. ఆ పైనా ఆటోనే.

భుజం పట్టేసి సముద్రం మీదికి పోవడం మానుకున్నప్పటి నుంచి మాల్యాద్రికి మిగిలిన పని ఒక్కటే. పొద్దున్నే పడవల దగ్గర కామాక్షమ్మ వేలంపాట పాడి కొన్న చేపల్ని, ఆమెతో సహా, తండ్రి నాటి రాజ్‌దూత్ మోటారు సైకిలు మీద ముత్తుకూరు బజారుకు చేర్చడం, ఎండెక్కాక తిరిగి తేవడం. ఆ పని కూడా పోతే తమ జాలరి పాలెంలో అతనికి చోటు చిరిగిన వలలు కుట్టుకునే ముసలివాళ్ల పక్కన. పొద్దస్తమానం బీడీలు కాలుస్తూ ఒకే గాలివాన గురించి చెప్పుకునే ఆ ముసలివాళ్లంటే అతనికి మొదటి నుంచీ రోత.

"ఆటో కూడా ఒక బండేనంటావే? మూడు చక్రాలు! నడక నేర్చుకునే పిల్లోళ్లకి చేసిచ్చే బండి అట్టాగే ఉంటాది," అన్నాడు ఒక సాయంత్రం.

"అది ఆగతాది," అంది కామాక్షమ్మ, కత్తిపీట కడుగుతూ.

"నాదీ ఆగతాది. వెనక షూలు అరిగినాయి, అంతే. కొత్తవి ఏస్తా."

"ఎయ్యి. సోమారం పొద్దునకి ఆగిందా, ఎక్కుతా. ఆగలేదా, దాని మీద వలలు ఆరేసుకో. నేను పెంచలప్రసాద్‌తో నెలకింతని మాట్లాడేసుకుంటా."

ముందు చక్రానికి కూడా ఒక బ్రేకు ఉండాలి. దాని తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగింది. ముందు బ్రేకు పట్టేవాడు బండి నడపడం రానివాడని మాల్యాద్రి అభిప్రాయం. కాబట్టి దాని మాట ఎత్తలేదు.

ముత్తుకూరులో మెకానిక్ సుశీల్ కుమార్ షెడ్డుకు పోయాడు. ఆ కుర్రవాడు బండి చుట్టూ తిరిగి, ముందుగా ఫోనులో ఫోటో తీసుకున్నాడు. మాల్యాద్రికి అక్కడే ఒళ్లు మండింది.

"అన్నా, ఇది మా తాత కాలందన్నా. దీనికి షూలు నా దగ్గిర యాడుంటాయి? నెల్లూరోళ్లకి అమ్మేయ్. పెళ్లి ఫోటోలు దిగేదానికి కొనుక్కుంటారు."

"నీకు షెడ్డెందుకురా, పెళ్లిళ్ల పేరయ్యా? ఒక పందిరేసుకుని కూచోరాదూ!"

నెల్లూరులో పాత సామాన్లు అమ్మే జీవానందం దగ్గర షూలు దొరికాయి. గుమ్మడి ముక్కల్లా వంపు తిరిగిన రెండు అల్యూమినియం బద్దలు, వీపు మీద బిగించిన గరుకు పట్టా. జీవానందం వాటిని పేపర్లో చుడుతూ, "చూడబ్బయా, బిగించేటప్పుడు ఈ పట్టా మీద..." అని మొదలుపెట్టాడు.

"తెలుసులే."

"తెలిస్తే మంచిదే. డ్రమ్ము లోపల కూడా..."

"అయ్యా, నువ్వు అంగడి పెట్టకముందే మా ఇంట్లో పడవ ఇంజన్లుండాయి. ఇనుం గురించి మాకు చెప్తావా?"

జీవానందం ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. నెల్లూరు వాళ్లకు ఇనుమంటే గుమ్మాల మీద కొట్టే గుర్రపునాడా తప్ప మరొకటి తెలియదని మాల్యాద్రి దారి పొడుగునా అనుకున్నాడు.

ఆదివారం ఇంటి ముందు గోనెసంచి పరిచి వెనక చక్రం ఊడదీశాడు. పాలెంలో ఎవరు ఏది ఊడదీసినా జనం చేరతారు. పక్కింటి రాఘవమ్మ గడప మీద కూర్చుంది. కామాక్షమ్మ తమ్ముడు చిన్నబాబు తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. ఏ పనీ చేతకానివాడు ఎప్పుడూ మంచి చోటు చూసి కూర్చుంటాడు. బావమరిది గురించి మాల్యాద్రికి ఇంతకంటే గొప్ప అభిప్రాయం లేదు.

షూలుండే బ్రేకు డ్రమ్ము తెరిస్తే ఎర్రటి మట్టి రాలింది. అది మట్టి కాదు, తుప్పు. గంపలోంచి కారిన ఉప్పునీళ్లు లోపల ఎంతకాలం నిలిచాయో, పాత షూలు చెదలు పట్టిన చెక్కలా ఉన్నాయి. స్ప్రింగులు లాగితే పుటుక్కుమన్నాయి.

"చూసినావా బావా, ఉప్పు ఎట్టా తినేసిందో," అన్నాడు చిన్నబాబు.

"కళ్లుండాయిలే నాకు."

కొత్త షూలు అమర్చాడు. కొత్త స్ప్రింగులు తగిలించాడు. తరువాత గ్రీజు డబ్బా మూత తీశాడు.

సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఈ పని ఎవరూ నేర్పరు. గొళ్లేనికి పూస్తారు. లంగరు కొక్కేనికి, ఇంజన్ నట్లకు, బావి గిలకకు, సైకిలు గంటకు కూడా పూస్తారు. పూయని ఇనుము ఉప్పుగాలికి వారం తిరక్కుండా పొట్టు లేస్తుంది. చేతికి గ్రీజు అంటని మొగవాణ్ణి చూస్తే పాలెంలో పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు. మాల్యాద్రి రెండు వేళ్లతో గ్రీజు తీసి షూల పట్టాలకు దట్టంగా పట్టించాడు. డ్రమ్ము లోపలి గోడకు గచ్చు మెత్తినట్టు మెత్తాడు. అక్కడున్న ఒక్కరూ ఇదేమిటనలేదు.

"ఆ మూల వదిలేసినావు బావా."

"కవళ్ల చేపల నూనె ఉంది, తెచ్చేదా?" అంది రాఘవమ్మ. "గ్రీజు కంటే అదే పట్టుకోని ఉంటాది."

"ఒద్దులేమ్మా, చేపల కంపుకి పిల్లులు ఎంటబడతాయి."

చక్రం బిగించి, స్టాండు మీద నిలిపి ఒక్క తిప్పు తిప్పాడు. చప్పుడే లేదు. ఆగదేమో అన్నంతసేపు తిరిగింది.

"వెన్నపూస బావా!" అన్నాడు చిన్నబాబు.

"చూసినావా, ఎట్టా తిరగతా ఉందో?" అని మాల్యాద్రి పెళ్లాన్ని పిలిచాడు.

కామాక్షమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. "తిరగడం సంగతి నేనడగలా," అని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున ఆమె గంప ఎక్కించలేదు. పెంచలప్రసాద్ ఆటో పక్కన నిలబడి, "నువ్వొక్కడివే మోరీ దాకా పోయి రా. వచ్చి నా ముందర ఆపు," అంది. పడవల దగ్గరున్నవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. మాల్యాద్రి లుంగీ ఎగగట్టి, ఈ జనానికి బండి నడపడమంటే ఏమిటో చూపిద్దామనుకున్నాడు. రోడ్డు కింద కాలవ పోయే మోరీ దగ్గర తిరిగి, మామూలు కంటే జోరుగానే వచ్చాడు. కామాక్షమ్మకు పది బారల ముందు బ్రేకు తొక్కాడు.

కాలు అడుగంటా దిగింది. బండికి ఆ సంగతి తెలియలేదు.

పెళ్లాం ముఖం పక్కనుంచి పోయింది. ఆటో పోయింది. చేపల పెట్టెలు పోయాయి. రోడ్డు వంపు తిరిగినచోట బండి తిరగలేదు. రొయ్యల గుంట గట్టెక్కి, అటు దిగింది. మాల్యాద్రి మొలలోతు బురదనీళ్లలో లేచి నిలబడేసరికి గట్టు మీద జనం.

"ఆగింది బావా! గుంటలో ఆగింది!" చిన్నబాబు కేక.

"మీసంలో రొయ్య ఉందన్నా, పారేయొద్దు, రేటుంది," అన్నాడు పెంచలప్రసాద్.

కామాక్షమ్మ అతని కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ఉన్నాయి. అప్పుడు నోరు విప్పింది. "బాగుందయ్యా. దారంతా నీకు గుంటలు తవ్వించి పెడతా. నేనెక్కడ దిగాల్నంటే అక్కడ ఆపుదువు." ఆటో ఎక్కి పోయింది.

ఈసారి మాల్యాద్రి ఇంటి వెనక, తడిక చాటున చక్రం విప్పాడు. ముందు జీవానందాన్ని తిట్టాడు, నకిలీ సరుకు అంటగట్టినందుకు. తరువాత షూ పట్టుకున్నాడు. బొటనవేలు దాని మీద పెట్టి నొక్కితే జర్రున జారిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ జారింది.

అతను ఇన్నాళ్లూ ముట్టుకున్న ఇనుమంతా జారడం కోసమే ఉంది. ఇది ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకోవడానికి ఉంది. పట్టుకోవలసినదానికి తనే నూనె పూశాడు. పక్కన పాలెం పాలెమంతా కూర్చుని, మూలలు కూడా పూయించింది. మందబుద్ధుల గుంపు. ఆ గుంపుకు పెద్ద ఎవరో అతనికి తెలుస్తూనే ఉంది.

డ్రమ్మును పెట్రోలుతో కడిగాడు. గుడ్డతో తుడిచి మళ్లీ కడిగాడు. షూలను పొయ్యి నిప్పుల మీద దూరంగా పట్టుకుంటే పట్టాల్లోంచి గ్రీజు చెమటలా ఊరింది. తుడిచి, ఉప్పుకాగితంతో రుద్దాడు, వేలు పెడితే గీసుకునేదాకా. షూలను విప్పార్చే ఇరుసుకు మాత్రం ఒక చుక్క పెట్టాడు. మిగిలిందంతా పొడిగానే ఉంచాడు. మూత వేసే ముందు చెయ్యి దానంతటదే డబ్బా వైపు పోయింది. ఆ చెయ్యిని వెనక్కి లాక్కున్నాడు.

చిన్నబాబు తడిక మీంచి తొంగి చూసి, "గ్రీజు పుయ్యలేదేంది బావా? తుప్పు పట్టదా?" అన్నాడు.

"పట్టనీ. నీ బుర్రకి పట్టలేదా? దాన్నెవురన్నా మార్చినారా?"

మంగళవారం పొద్దున పెంచలప్రసాద్ గంపకు చెయ్యి వేస్తుండగా రాజ్‌దూత్ చప్పుడు వినిపించింది. జనం గబగబా రోడ్డు దిగిపోయారు. ఒకడు చేపల పెట్టెను కూడా పక్కకు లాగాడు. కామాక్షమ్మ కదల్లేదు. కీచుమని, ఒంటికి ముళ్లు లేచే చప్పుడు చేస్తూ బండి ఆమె ముందు ఆగింది. వెనక చక్రం ఇసుకలో గీత గీసింది. మాల్యాద్రి దిగలేదు. ఆమె వైపు చూడలేదు. హ్యాండిల్ పట్టుకుని సముద్రం చూస్తూ కూర్చున్నాడు.

కామాక్షమ్మ వంగి చక్రం కింది గీత చూసింది.

"మళ్లీ," అంది.

మోరీ దాకా పోయి వచ్చాడు. మళ్లీ ఆగింది.

"సోమారమని చెప్పినా," అంది. "ఇయ్యాళ మంగళారం."

అతను ఇంజను ఆపాడు.

"చేపలు ఆటోలోనే వస్తాయి. నేనూ వాటితోనే పోతా. వాటికి డబ్బు పోసినా." గంప ఎక్కించుకుని కూర్చుంది. ఆటో కదిలే ముందు తల బయటకు పెట్టింది. "వచ్చేటప్పుడు గంప ఖాళీగా ఉంటాది. అప్పుడు నీ బండి ఎక్కుతా. పడితే నేనొక్కదాన్నేగా."

పెంచలప్రసాద్ కిసుక్కున నవ్వి ఆటో పోనిచ్చాడు. మాల్యాద్రి వాణ్ణీ, వాడి మూడు చక్రాలనూ కలిపి ఒక బూతు తిట్టి, వెనకాలే బయలుదేరాడు. ముత్తుకూరు దాకా ఆటో పొగ ముఖాన కొడుతూనే ఉంది. దాటి పోవచ్చు. దాటలేదు. ఆటో ఆగినచోటల్లా ఆగాడు.