గేదెకి వచ్చిన దుఃఖం

మా ఆయన భీమేశ్వరరావు పోయారు. ఆయన కోసం రావలసిన దుఃఖం నాకు కాక మా గేదెకి వస్తోంది.

నేను పొడికళ్ళతో సావిట్లో శవం ఎదురుగా కూర్చుని ఉన్నాను. పెరట్లో గేదె మేత మానేసి ఏడుస్తోంది. దాని కన్నీళ్ళు ధారకట్టి, గుమ్మం దాటి వచ్చి నా పాదాలు తడుపుతున్నాయి. వెచ్చగా ఉన్నాయి.

మనసుతో ఏడ్చేవాళ్ళు ఒక్కరైనా లేనిదే శవాన్ని లేపకూడదంటారు మా బావగారు చిట్టబ్బాయి.

“గేదె ఏడుపు పనికిరాదా అండీ?” అని అడుగుతాను.

ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన కామేశం మాస్టారినీ, పశువుల డాక్టరు త్రినాథ్‌నీ పిలిపిస్తారు. ఇద్దరూ నాకు చెరో పక్కన కూర్చుంటారు.

“దానికి మనసుందండి. దూడ చచ్చినప్పుడు పాలివ్వడం మానేసింది. అది బాధ కాదా?” అంటాడు డాక్టరు.

“పాలాగడం ఒళ్ళు చేసే పనయ్యా. బాధపడుతున్నానని దానికి తెలియాలి కదా. తెలుసని నీకెలా తెలుసు?” అంటారు మాస్టారు.

ఒక్కో ప్రశ్నకీ సావిడి కొంత పొడవు సాగుతోంది. శవం దూరంగా జరిగిపోతోంది. ముందు మొహం పోల్చలేకపోతాను, తర్వాత తెల్లగుడ్డ మాత్రమే కనిపిస్తుంది.

“తొందరగా తేల్చండి. ఆయన కంటికి ఆనడం లేదు,” అంటాను.

డాక్టరు తల దించుకుంటాడు. “రుజువు చూపించలేనండి.”

“అయితే లేదు,” అంటారు మాస్టారు.

కన్నీళ్ళు ఆగవు, కానీ ఇప్పుడవి ఎవరివీ కావు. బావగారు చీపురు తెచ్చి వాటిని బయటికి ఊడుస్తారు.

“నా ఏడుపు నాకు ఇప్పించండి. నేనే ఏడుస్తాను,” అంటాను.

మాస్టారు నా వైపు తిరుగుతారు. “నీకు మాత్రం మనసుందని ఏంటమ్మా నమ్మకం?”

“నేను చెబుతున్నాను కదండీ.”

“చెప్పడం నోరు చేసే పని.”

నేను బావగారి వైపు చూస్తాను. ఆయన ఊడవడం ఆపరు. “తమ్ముడు నాతో ఎప్పుడూ అనలేదమ్మాయ్, నీకు మనసుందని.”

డాక్టరు నా కనురెప్ప ఎత్తి టార్చి వేస్తాడు. “లోపల ఎవరో ఉన్నారండి.”

“ఏం చేస్తున్నారు?” అంటారు మాస్టారు.

“వాళ్ళూ టార్చి పట్టుకుని ఉన్నారు. మనల్నే వెతుకుతున్నారు.”

మాస్టారు వంగి చూస్తారు. నా కంట్లోంచి వచ్చిన వెలుతురు ఆయన కళ్ళగుండా లోపలికి పోతుంది. అక్కడ ఒకదాని వెనక ఒకటి గదులు, అన్నీ ఖాళీ. వెలుతురు నెమ్మదిగా ఒక్కో గుమ్మమే దాటుతోంది. చివరి గదికి ఎవరో లోపలి నుంచి గడియ పెడుతున్నారు.