గిన్నెడు వెన్న బరువు

చెల్లెలి సంచీ నేనే సర్దాను. బట్టలు, తువ్వాలు, దువ్వెన, అన్నిటికన్నా పైన స్వెట్టరు. ఎవరు గడప దాటినా ఏదో మరిచిపోయారనే అనిపిస్తుంది నాకు. అందుకని విప్పి మళ్లీ సర్దాను. సొట్ట గిన్నె ఒక్కటే పట్టలేదు. అమ్మ నాటి ఆ గిన్నెతో కొలిస్తే తప్ప చెల్లెలికి బిస్కెట్లు కుదరవు.

చెల్లెలు పనికి వెళ్లాలనుకున్న పొరుగూరి బేకరీ యజమాని మాత్రం గిన్నెల లెక్క తన దగ్గర చెల్లదన్నాడు. గిన్నెడు వెన్న ఎన్ని గ్రాములో సాయంత్రంలోగా చెబితేనే ఉద్యోగమట. లేకపోతే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందట.

మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఉజ్జాయింపు అనే మాట ఆయన చెవిన పడకూడదు. మా వీధి కొట్లో అన్నీ ప్యాకెట్లే కాబట్టి తక్కెడ ఎప్పుడో అటకెక్కింది. మిగిలింది పార్సిల్ ఆఫీసు కాటా. చెల్లెలు కొత్త వెన్న ప్యాకెట్టు విప్పి గిన్నెలో అదిమింది. అంచుకి సరిగ్గా సరిపోయింది. గిన్నెను పసిపిల్లలా ఎత్తుకుని ముగ్గురం బయల్దేరాం. సంచీ కూడా తెచ్చుకున్నాం, ఉద్యోగం ఖాయమైతే అటునుంచి అటే బస్సెక్కించవచ్చని.

చిరునామా లేనిదాన్ని తూచడం కుదరదన్నాడు గుమాస్తా. మా ఆయన బేకరీ చిరునామా రాసిచ్చాడు. గుమాస్తా మూత బిగించి, దారం చుట్టి, ముద్ర కొట్టి, తూచి, అంకె చెప్పాడు.

"అది గిన్నెతో కలిపి కదండీ. ఖాళీ గిన్నె బరువు తీసేయాలి. ఓసారి విప్పండి," అన్నాడు మా ఆయన.

"ముద్ర పడ్డాక అది మీది కాదు సార్, వాళ్లది. విప్పితే వాళ్లే విప్పాలి."

అయితే అక్కడికి మనిషి వెళ్లి ఖాళీ గిన్నె తూచి రావాలన్నమాట. నేను వెళ్తానంది చెల్లెలు.

"నువ్వెలా వెళ్తావు? నీకింకా ఉద్యోగమే రాలేదు," అన్నాడు మా ఆయన.

తనే వెళ్తానన్నాడు. పార్సిల్ వ్యానులో మనుషులకి చోటు లేదని గుమాస్తా అంటే, మా ఆయన కాటా ఎక్కి కూర్చున్నాడు. గుమాస్తా ఆయన్నీ తూచి, చొక్కా జేబు మీద చిరునామా అంటించి, ముద్ర కొట్టాడు. ఉత్తచేతులతో ప్రయాణమేమిటని మా ఆయన చెల్లెలి సంచీ పట్టుకుని వ్యానెక్కాడు. స్వెట్టరు పైనే ఉందని వ్యాను వెంట పరుగెత్తుతూ చెప్పాను.

ఇంటికొచ్చి వంటగట్టు తుడుస్తుంటే వెన్న ప్యాకెట్టు కాగితం చేతికి తగిలింది. ఏ కాగితాన్నీ చదవకుండా పారేయలేను. నాకు చదువొచ్చిందే అలా. దాని మీద రెండు వందల యాభై గ్రాములని అచ్చేసి ఉంది.

ఫోను మోగింది.

"లెక్క తేలిందే. సరిగ్గా రెండు వందల యాభై."

"తెలుసు. మీరొచ్చేయండి."

"ఎలా వస్తానే? సంతకం పెట్టి నన్ను తీసుకున్నారు కదా. అడిగి చూస్తాలే."

చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. బేకరీలో గడియారాలన్నీ బావ దిద్దేశాడని, ఇప్పుడు ట్రేలు తూస్తున్నాడని చెబుతుంది. ఆయన్ని పంపమని యజమానికి రాశాను. చిరునామాదారుడు అందుకున్న సరుకు వాపసు ఉండదని జవాబిచ్చాడు.

చెల్లెలు ప్రతి సెలవుకీ వస్తుంది. గిన్నె తిరుగు పార్సిల్లో వచ్చింది. మా ఆయన వెళ్లింది ఫిబ్రవరిలో, ఒక మంగళవారం మధ్యాహ్నం. తిరిగి రాలేదు.