ఆపిన తర్వాతి వేడి

నొక్కిన వేలు మార్చకూడదు. మార్చేలోపు పంపు ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఒక్క క్షణానికే తెర మీద అంకె రెండు డిగ్రీలు ఎగబాకుతుంది. కాబట్టి కుడిచేతి బొటనవేలే, స్పేస్ బార్ మీద, పదకొండు నిమిషాలు. మూడు గడిచాయి. హాల్లో మా ఆయన ఎలీషా కోడికూర కలుపుకుంటున్నాడు. ఆదివారం, చర్చి నుంచి రాగానే ఆట లైవ్ మొదలుపెట్టాడు. నాలుగు వందల మంది చూస్తుండగా రియాక్టర్ ఆపేసి, "భోంచేసి వస్తా, మీరే చూడండి, ఏం కాదు" అని వాళ్ళకి చెప్పి, మైకు కట్టేసి, లేస్తూ నాతో "కాస్త చూస్తూ ఉండు" అన్నాడు.

ఎప్పుడూ అదే మాట. చూస్తూ ఉంటే ఏదీ చల్లబడదని అతనికి తెలియదు. రెండుసార్లు చెప్పాను. "ఆ, సరేలే" అన్నాడు.

ఇది ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ ఆట. దానికి అణు రియాక్టర్లను చేర్చే మాడ్, అంటే బయటివాళ్ళు చేసిన చేర్పు, ఒకటి ఎలీషా పేరు మీద ఉంది. బొమ్మలు అతనివి, లెక్కలు నావి. ఎంత ఇంధనానికి ఎంత వేడి, ఎంత వేడికి ఎన్ని నీళ్ళు, అన్నీ నేను కూర్చినవే. పెళ్ళికి ముందు ఇక్కడే, దర్శిలో, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఎలీషా నవ్వి, "మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుంది" అంటాడు.

మామూలుగా ఇలాంటి ఆటల్లో రియాక్టర్ ఆపితే వేడి ఆ క్షణమే సున్నా. నాకది అబద్ధంగా అనిపించింది. ఆపిన తర్వాత కూడా లోపల వేడి పుడుతూనే ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది, తగ్గేదాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి. మాడ్‌లో అలాగే పెట్టాను. అప్పటినుంచీ ఆడేవాళ్ళ ఫిర్యాదులు. ఆపేసి పక్కకి వెళ్తే పేలిపోతోందని.

"మన దగ్గర ఎప్పుడైనా పేలిందా? ఆరు నెలల ప్లాంటు!" అంటాడు ఎలీషా. పేలలేదు. రియాక్టర్ ఇచ్చే కరెంటుతోనే పంపు నడిచేలా కట్టుకున్నాడు, రియాక్టర్ ఆగితే పంపూ ఆగుతుంది. మిగిలింది స్పేస్ బార్‌తో నొక్కే చేతి పంపు. అతను తినడానికి లేచిన ప్రతిసారీ, స్నానానికి లేచిన ప్రతిసారీ, ఆ కుర్చీలో కూర్చుని దాన్ని నొక్కింది నేను. "మన దగ్గర అవసరమే లేనిదాన్ని జనం నెత్తిన ఎందుకు రుద్దటం? రేపు ఆ వేడికి సున్నా పెట్టెయ్ హెలెన్. ఆపితే ఆగినట్టే. అంతే."

వేడి సంగతి నాకు కాలేజీలో తెలియలేదు. అమ్మ దగ్గర తెలిసింది. మా అమ్మ జయకుమారి గుంటూరులో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసేది. సాయంత్రం ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకున్నా, మజ్జిగలో ముంచినా ఆ చేతులు మండుతూనే ఉండేవి. నాకు చేత్తో ముద్ద పెట్టేది కాదు, గరిటెతో పెట్టేది. నా కంట్లో నలక పడితే పక్కింటి షహనాజ్ పిన్నిని పిలిచేది. తిన్నాక రెండు అరచేతులూ నీళ్ళకుండకి ఆనించి, దాన్ని వాటేసుకున్నట్టు కూర్చునేది. ఒకసారి అడిగాను. "పనైపోయింది కదమ్మా, ఇంకా ఎందుకు మండుతున్నాయి?"

"పనైపోయింది మేస్త్రీకే. చేతులకి తెలియొద్దూ?" అని నవ్వింది.

అయిదో నిమిషం. బొటనవేలి కింద నరం లాగుతోంది.

మార్చిలో పొద్దున ఏడింటికి షహనాజ్ పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మకి ఊపిరి అందట్లేదే. నిన్నే అడుగుతోంది, బయల్దేరు." ఆ రోజు మా ఆడపడుచు క్రిస్టీనా పెళ్ళి ప్రధానం. నలభై మందికి వంట. అత్తయ్య పెళ్ళివారి ముందు గొంతు తగ్గించి, "ముసలివాళ్ళకి ఆయాసం రాకుండా ఉంటుందా? భోజనాలవగానే వెళ్దువుగాని" అంది. ఎలీషా నా వైపు కాకుండా బియ్యం బస్తా వైపు చూస్తూ, "రెండింటికల్లా నేనే కారులో దింపుతా. ఇప్పుడు నువ్వు లేకపోతే పరువు పోద్దే" అన్నాడు. నేను గరిటె పట్టుకున్నాను. ఎవరూ నన్ను కట్టేయలేదు. దర్శిలో బస్సులు ఆగిపోలేదు. నేనే పట్టుకున్నాను.

గుంటూరు చేరేసరికి సాయంత్రం ఆరు. అమ్మ పన్నెండింటికే పోయింది. చేతులు పట్టుకున్నాను. అమ్మ చేతులు చల్లగా ఉండటం నా జన్మలో అదే మొదటిసారి.

సమాధి అయ్యాక తిరిగి వస్తూ చిలకలూరిపేట దాటాక ఎలీషా "సారీ" అన్నాడు. ఇంకో పది కిలోమీటర్లు పోయాక, "సారీ చెప్పాను కదే. అయిపోయింది. ఇంక ఆ మొహం మార్చు" అన్నాడు. ఏప్రిల్‌లో "ఇంకా అదేనా?" అన్నాడు. జూన్‌లో అత్తయ్య, "తల్లి పోయినవాళ్ళు లోకంలో నువ్వొక్కదానివేనా?" అంది. నేను మొహం మార్చాను. మార్చి, టిఫిన్లు పెట్టాను, లెక్కలు సరిచేశాను, ఈ కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లో ఏదీ పేలలేదు. ఏదీ పేలలేదు కాబట్టి నాలో వేడే లేదనుకున్నారు. వాళ్ళని అని లాభం లేదు. చల్లబరిచింది నేనే కదా, నొక్కి పట్టుకుని, చప్పుడు కాకుండా.

రేపు సున్నా పెట్టమంటున్నాడు. నా చేత్తోనే పెట్టాలి. పెడితే, అలాంటి వేడి అసలు ఉండదని నేనే సంతకం చేసినట్టు.

ఏడో నిమిషం. తెర పక్కన చూస్తున్నవాళ్ళ మాటలు కదులుతున్నాయి. సుభానీ అనే అతను రాశాడు: "బ్రదర్, రియాక్టర్ ఆగింది కదా, నీళ్ళు ఇంకా ఎలా పోతున్నాయి?"

కింద ఎవరో జవాబిచ్చారు: "అది ఆటోమేటిక్ బ్రో."

దాన్ని మూడుసార్లు చదివాను. తెర మీద అంకె ఆరువందల ఇరవై. ఇంకా నాలుగు నిమిషాలు నీళ్ళు కావాలి. నా బొటనవేలి చివర తెల్లబడి ఉంది. హాల్లో కంచం మీద వేలితో ఊడ్చుకుంటున్న చప్పుడు, "ఇంకాస్త పెట్టనారా?" అంటున్న అత్తయ్య గొంతు.

"హెలెన్!" ఎలీషా కేకేశాడు. "ఇంకా ఎంతసేపే? వచ్చి మజ్జిగ పొయ్యి."

"అయిపోయిందండీ" అన్నాను.

వేలు తీశాను.