ముందు సీట్లో దానయ్య

నేను ఒక బాంబుల విమానాన్ని. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, రెండు ఇంజన్లు, కడుపులో ఎనిమిది బాంబులకు చోటు. అయితే ఒక్క బాంబు కూడా వేసిన పాపాన పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్రయోగం నేను. విశాఖకు ఉత్తరాన, ఒక జాలరిపేట పక్కన రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను గీసినవాడూ నడిపినవాడూ హాలిడే దొరే. తెరచాపలు కుట్టే ఆడవాళ్లు నా రెక్కలకు గుడ్డ కుట్టారు. వాళ్లలో బాగా చేయి తిరిగింది నూకాలు.

నా ముక్కు దగ్గర, దొరకు ముందు, బాంబులు వదిలేవాడి సీటు. ఇంజన్ల హోరులో మాట వినపడదని ఆ సీటు నుంచి దొర చెవి దాకా రబ్బరు గొట్టం వేశారు. ఆ పనికి దొర నూకాలు మొగుడు దానయ్యను ఎంచుకున్నాడు, వల విసరడంలో అతని గురి చూసి. నా సంగతి తేలేదాకా మనిషిని ఎక్కించకూడదని, దానయ్యను కాటాలో తూచి, అంతే బరువున్న ఇసుక మూటను సీట్లో కట్టించాడు. ఇంజన్లు తిప్పినప్పుడు ఇసుక ఎగిరి కళ్లలో పడుతోందని మూటకు దానయ్య పాత చొక్కా తొడిగించాడు.

అది చూసి నూకాలు కెవ్వుమంది. సముద్రంలో పోయినవాడి శవం దొరక్కపోతే, ఆ పేటలో గడ్డిబొమ్మకు అతని చొక్కా తొడిగి దహనం చేస్తారు.

"బతికున్న మడిసికి బొమ్మ కట్టీసినారేటి బాబూ! ఇప్పీండి!"

దొర నవ్వి, చొక్కా అలాగే ఉంచమన్నాడు.

మొదటిసారి ఎగిరి దిగాక మూట బరువు ఒక వీశె తగ్గింది. ఎక్కడా చిల్లు లేదు. రెండోసారి ఇంకో వీశె. మూడోసారీ అంతే. అనుమానమొచ్చి దానయ్యను మళ్లీ తూస్తే అతనూ సరిగ్గా మూడు వీశెలు తగ్గాడు. మూటా మనిషీ ఇప్పటికీ సమానమేనని దొర సంబరపడ్డాడు. లెక్క సరిపోతే మనుషులకు భయం వేయదు కాబోలు. నాకు మాత్రం వేసింది.

నాలుగోసారి దానయ్యే ఎక్కాలి. నూకాలు నా చక్రాలకు అడ్డంగా పడుకుంది.

"కావాలంటే బొమ్మనే అట్టుకెళ్లండి బాబూ. నా మడిసిని ఒగ్గీండి."

దొర మనసు కరిగింది. మళ్లీ మూటనే కట్టారు. ఆ కంగారులో చొక్కా విప్పించాలన్న సంగతి నూకాలే మరిచిపోయింది.

పొద్దున పది గంటల ఎండలో సముద్రం మీదికి వెళ్లాం. వెయ్యడుగుల ఎత్తులో గొట్టం పలికింది.

"దొరగారూ, దింపీండి. నాను దిగనేకపోతన్నాను."

అది దానయ్య గొంతే. దొర నా ముక్కును ఒడ్డు వైపు తిప్పాడు. ఎలా దిగామో నాకే తెలియదు. సీట్లో చొక్కా ఉంది, బిగించిన బెల్టు ఉంది, మూటలో మాత్రం ఇసుక రేణువు లేదు. ఒడ్డున నూకాలు ఒడిలో దానయ్య ఊపిరి లేకుండా పడి ఉన్నాడు. ఆమె ఒంటిచేత్తో అతన్ని ఎత్తి పడుకోబెట్టింది. అంత తేలికైపోయాడు.

దొర ఓడెక్కి వెళ్లిపోయాడు. యుద్ధమూ ముగిసింది. నా ఇంజన్లు, చక్రాలు ఊడదీసుకుపోయారు. దింపమని మొరపెట్టుకున్న మనిషిని దింపలేకపోయానన్న సిగ్గు నన్ను తినేస్తోంది. నూకాలు రోజూ చేపలమ్ముకుని, మధ్యాహ్నం షెడ్డుకు వచ్చి గొట్టం అందుకుంటుంది.

"దిగినావేటయ్యా?"

నేను కదలకుండా నేల మీదే ఉంటాను. గొట్టంలో ముందు గాలి హోరు వినిపిస్తుంది, తర్వాత అతని గొంతు.

"నేదే. ఇంకా పైనే ఉన్నాను."