ఫిరంగికి కొబ్బరికాయ

వాసుదేవరావుగారికి చైనా పిచ్చి. బెజవాడ మనిషి, కువైత్‌లో ఇంజనీరు, చైనా మొహం ఏనాడూ చూసినవాడు కాదు. అయినా డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ ఊరికొక సేనాని పుట్టుకొచ్చి ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్న కాలం గురించి, అడక్కపోయినా చెబుతాడు. మామూలు రోజుల్లో ఆయన నోరు విప్పితే జనం చెప్పులు వెతుక్కునేవారు. ఇరాక్ సైన్యం కువైత్‌ను మింగేశాక పోవడానికి చోటు లేదు. బ్నీద్ అల్ గార్‌లో ఆయన ఫ్లాట్‌లో తలదాచుకున్నవాళ్ళంతా బుద్ధిగా వినడం మొదలుపెట్టారు.

వాళ్ళలో కడప జిల్లా చిన్నక్క ఒకతి. సల్వాలో ఒక కువైతీ మిలిటరీ అధికారి ఇంట్లో ఆరేళ్ళుగా పనిమనిషి. దండయాత్ర మొదలైన రోజు ఆ అధికారి యూనిఫాం వేసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. బతికున్నాడో లేదో తెలియదు. ఇరాకీలు మాత్రం ఆయన కోసం, ఆయన దొరక్కపోతే భార్య కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు. ఆ మామాకు చిన్నక్క తన నూలు చీర కట్టి, బొట్టు పెట్టి ఇక్కడికి తీసుకొచ్చింది. దొరికితే ఆవిడకే కాదు, దాచినవాళ్ళకూ తుపాకీ గుండే. చిన్నక్క అంత ధైర్యస్థురాలేం కాదు. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి రావడానికి కాళ్ళు రాలేదు, అంతే.

ఎవరైనా అడిగితే చెప్పాల్సిన అబద్ధాన్ని అక్కడే తలదాచుకున్న డ్రైవర్ బాలసుబ్బయ్య అల్లాడు. ఆవిడ తన భార్య, మూగది.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. ఉడికిపోతున్న హాల్లో రావుగారు కథ ఎత్తుకున్నాడు.

"ఆ సిపాయిలు తుపాకీతో పాటు వీపున నూనె కాగితపు గొడుగు కూడా మోసేవారండీ. వాన పడితే ఎవరి గొడుగు వాళ్ళు విప్పుకుని యుద్ధం ఆపేసేవారట."

"అదీ మర్యాదంటే," అన్నాడు బాలసుబ్బయ్య. "ఈడ వానే పడదు గద సార్, ఈళ్ళెప్పుడు ఆపేది?"

అందరూ నవ్వారు. రావుగారికి హుషారొచ్చింది.

"ఇంకో సేనాని ఉండేవాడు. వాన కోసం దేవుడికి మొక్కాడు. చినుకు రాలలేదు. మండిపోయి, గుళ్ళోకెళ్ళి విగ్రహం చెంప ఛెళ్ళుమనిపించాడు. అదీ చాలక ఆకాశానికి ఫిరంగులు ఎక్కుపెట్టించాడు..."

తలుపు దబదబా మోగింది. ఇద్దరు సిపాయిలు, వాళ్ళ వెనక ఒక ఇరాకీ అధికారి. ఇఖామాలు, అంటే నివాస పర్మిట్లు, చూపించమన్నాడు. భార్యది పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరే ఉండిపోయిందన్నాడు బాలసుబ్బయ్య. ఎంతోమందిది అదే గతి కాబట్టి నమ్మదగ్గ మాటే. అధికారి తల ఊపాడు.

మంచి చేసుకుందామని చిన్నక్క చాయ్ పోసుకొచ్చింది. భయంలో మనిషికి బుద్ధి పనిచేయదు, అలవాటు పనిచేస్తుంది. మొదటి గ్లాసు తిన్నగా ఆవిడ దగ్గరికే పోయింది.

"మామా, చాయ్."

ఇన్ని వారాలుగా ఇళ్ళు సోదా చేస్తున్న మనిషికి పనివాళ్ళు ఎవరిని మామా అంటారో తెలియదా?

"మామా ఎవరు?" అన్నాడు అధికారి.

"అనా! అనా మామా!" బాలసుబ్బయ్య ఒక్క ఉదుటున వచ్చి గ్లాసు అందుకున్నాడు. మామా తనేనంటూ వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు: "మా భాషలో మామ అంటే తల్లికి తమ్ముడు సార్. ఈ పిల్లకు నేనే మామను."

ఆ బుర్రమీసాల మామాను చూసి సిపాయిలు విరగబడి నవ్వారు. అధికారి నవ్వలేదు.

"నీ భార్య మాట్లాడదా?"

"మూగది సార్. మాటే లేదు, చెవులు మాత్రం బాగా వినపడతాయి."

ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు. నోరు జారింది. అధికారి కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు.

"మంచిది. ఇందాక మెట్ల మీదికి నవ్వులు వినిపించాయి. ఆ కథేదో కానివ్వండి, మీ భాషలోనే. నేను ఈమెను చూస్తుంటాను."

మామాకు తెలుగు ముక్క రాదు. నవ్వకపోతే దొరుకుతుంది. పక్కవాళ్ళను చూసి ఆలస్యంగా నవ్వినా దొరుకుతుంది.

రావుగారు ఆపిన చోటు నుంచే అందుకున్నాడు. "ఫిరంగులు పేల్చాడండీ. తెల్లారేసరికి కుండపోత వాన! అప్పుడు జనం ఏం చేశారనుకున్నారు? గుడికి తాళమేసి, ఫిరంగికి కొబ్బరికాయ కొట్టారు!"

చైనాలో కొబ్బరికాయ ఎవడు కొడతాడు? ఆ ముక్క రావుగారి సొంతం. అయినా బిగుసుకుపోయిన ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

మొదట నవ్వింది మామా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు నవ్వారు.

"ఖలాస్, ఇక చాలు," అంటూ అధికారి లేచాడు. సిపాయిలు ఆయన వెంట దిగిపోయారు.

చిన్నక్క ఆవిణ్ణి వంటగదిలోకి లాక్కుపోయింది. "మామా, నీకు తెలుగొస్తాదా?"

"ఆరేండ్లు నీ పక్కనే గదా," అంది మామా తెలుగులో. అదీ అచ్చం చిన్నక్క యాసలో. "పొయ్యికాడ నన్ను తిడతావే, 'దీని నోట్లో మన్ను బడ' అని. అది సరేలే. ఇంగోటి అంటావు. 'దీని మొగుడు పోయినోడు పోయినట్టే పోను' అని."

మామా భర్త విందులని స్నేహితులను వెంటేసుకొచ్చినప్పుడల్లా, గిన్నెల గుట్ట ముందు కూర్చుని అన్న మాట అది. చిన్నక్కకు నాలుక పీక్కుందామనిపించింది.

"ఆ మాట ఎనక్కి దీస్కో," అంది మామా.

"నా నోటికి అంత బలముంటే ఈ దేశంలో అంట్లెందుకు తోముతా మామా? ఊరికే అన్న మాటలు. యాడ పలుకుతాయి?"

"అయినా దీస్కో."

చిన్నక్క రెండు చెంపలూ వేసుకుంది. మామా ఇంకా చూస్తూనే ఉంది. చిన్నక్క మళ్ళీ వేసుకుంది, ఈసారి గట్టిగా.