మావాళ్ల లిస్టు

మొగిలిపాళెంలో ఇంటర్నెట్ నడిపే పెంచలకృష్ణ ‘మావాడే’ అనని మనిషి లేడు. తాసిల్దారు మావాడే. కరెంటు లైన్‌మన్ మావాడే. ఎస్సై కూడా మావాడే. హెల్మెట్ లేదని ఒకసారి రెండు గంటలు ఎండలో నిలబెట్టిన దగ్గర్నుంచీ మరీ మావాడు. ఇలా కంటబడ్డ ప్రతివాణ్నీ చుట్టరికంలోకి లాగేసుకునే మనిషి, బకింగాం కాలవకు అవతలి ఒడ్డున ఉప్పుగుంటపాళెంలో, పిలిస్తే పలికేంత దూరంలో ఉండే హెబ్రోనును మాత్రం పదకొండేళ్లుగా ఆ మాట అనలేదు.

ఒకప్పుడు ఇద్దరూ కలిసే స్తంభాలెక్కారు. విడవలూరు చుట్టుపక్కల ఊళ్లకు కేబుల్ టీవీ ఇచ్చింది ఈ జంటే. పొత్తు ఎందుకు చెడిందని అడిగితే ఇద్దరూ చాలా పెద్ద పెద్ద మాటలు చెబుతారు. అసలు సంగతి నిచ్చెన. ఉన్నది ఒకే వెదురు నిచ్చెన. పెంచలకృష్ణకు అవసరమైన రోజునే హెబ్రోను దాన్ని చర్చికి సున్నం కొట్టడానికి ఇచ్చేశాడు. అంతే. పెళ్లాలిద్దరూ సంతలో పక్కపక్కనే నిలబడి బేరాలాడుకుంటూనే ఉన్నారు గానీ, మొగుళ్లు మాత్రం కాలవకు చెరో పక్కా మీసాలు దువ్వుకుంటూ చెరో ఇంటర్నెట్ దుకాణం తెరిచారు. ఒక్కొక్కరికీ ఆరేడు వందల ఇళ్లు.

పెంచలకృష్ణకు లైను మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా వస్తుంది. హెబ్రోనుకు హైదరాబాదు నుంచి కావలి మీదుగా. అందుచేత మొగిలిపాళెం అత్త ఉప్పుగుంటపాళెం కోడలికి చేపల పులుసు ఫొటో పంపిందనుకోండి, ఆ ఫొటో నెల్లూరు పోయి, మద్రాసు పోయి, అక్కడ్నుంచి హైదరాబాదెళ్లి, మళ్లీ కావలిలో దిగి, అప్పుడు కాలవ అవతలికి చేరుతుంది. కాలవ వెడల్పు యాభై గజాలు. పులుసు తిరిగేది పన్నెండు వందల కిలోమీటర్లు. పులుసుకేం, ఎంత తిరిగినా ఫొటోలో పాడుకాదు. పాడయ్యేవి రొయ్యలు.

రొయ్యల రైతుల సంఘానికి వెంకటశేషమ్మ ప్రెసిడెంటు. ఇల్లూ, సంఘం ఆఫీసూ మొగిలిపాళెంలో. గుంటలన్నీ కాలవ అవతల. గుంటల్లో ఆక్సిజన్ చూసే మీటర్లు పెట్టించింది. ఆక్సిజన్ దిగిపోతే సంఘం ఆఫీసులో కంప్యూటరు గోల పెడుతుంది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ గుంటలో చక్రాలు తిరిగి నీళ్లు చిలుకుతాయి. గుంటల దగ్గర సెల్ సిగ్నల్ రాదు, కాబట్టి కబురు మోయాల్సింది ముందు హెబ్రోను లైను, ఆ తర్వాత పెంచలకృష్ణ లైను. పోయిన నెల కావలి దగ్గర హైవే పనుల్లో మట్టి తవ్వే మిషను కేబుల్‌ను కోసేసింది. గుంట నుంచి కబురు రాలేదు. కంప్యూటరు హాయిగా నిద్రపోయింది. ఒక గుంటలో రొయ్యలన్నీ తేలాయి.

మర్నాడు వెంకటశేషమ్మ ఇద్దర్నీ సంఘం ఆఫీసుకు పిలిపించి, చచ్చిన రొయ్యల కవరు చెరొకటి చేతిలో పెట్టింది.

“మీ ఇద్దురికీ మాటల్లేకపోతే అది మీ కర్మ. నా రొయ్యలేం పాపం జేసినాయి?” అంది. “శుక్రవారం లోపల కాలవ మీంద వైరేసి రెండూ కలిపేయండి. కలపలేదా, సంఘం కనెక్షన్లు రెండొందల పన్నెండూ, ఈ తట్టువీ ఆ తట్టువీ, ఆ పెద్ద కంపెనీవోళ్లకి రాసిచ్చేస్తా. రోజూ ఫోన్ జేస్తానే ఉండారు.”

పెంచలకృష్ణ ఆ కవరు పట్టుకుని ఇంటికి నడుస్తూ నిజంగా భయపడ్డాడు. సంఘం ఇళ్లు పోతే వాళ్ల చుట్టాలు పోతారు, చుట్టాలు పోతే వీధి పోతుంది. ఇరవై రెండేళ్లుగా తన చేతులతో గుంజిన వైరంతా ఊరివాళ్లు బట్టలారేసుకోడానికి మిగులుతుంది. ఆ ఊహకే అడుగులు వేగంగా పడ్డాయి. చేతిలో కవరు వాసన కూడా కొంత కారణం కావచ్చు.

కాలవ మీద వైరు లాగడం రెండు గంటల పని. నాలుగు రోజులు పట్టింది. ఎవరు ఎవరి ఒడ్డుకు రావాలన్న దగ్గరే మూడు రోజులు పోయాయి. చివరికి కాలవ నడుమ పాత వంతెన మొండిస్తంభం ఒకటుంటే, అది ఎవరి ఒడ్డూ కాదు గనక, దాని మీద జాయింటు కొట్టించారు.

తర్వాత బాక్సుల పని, అంటే ఏ కబురు ఏ దారిన పోవాలో చూసే రౌటర్ల పని. అది ప్రత్యూషది. నెల్లూరులో కూర్చుని ఇలాంటి ఇరవై మంది ఆపరేటర్ల బాక్సుల్ని ఫోన్లోనే సరిచేసే ఇంజనీరు ఆ పిల్ల. గురువారం ఇద్దర్నీ ఒకే కాల్లోకి లాగింది.

“అన్నా, మీ బాక్సులో హెబ్రోను గారిని పొరుగువాడని రాయాల. ఆయన బాక్సులో మిమ్మల్ని పొరుగువాడని రాయాల. ఇద్దురూ రాస్తేనే లైను లేస్తాది.”

“ముందు ఆయన్ని రాయమనమ్మా,” అన్నాడు పెంచలకృష్ణ.

“ముందు ఆయన్నే రాయమనండి మేడం,” అన్నాడు హెబ్రోను. పొరుగువాణ్ని గురించి ఆదివారాలు చర్చిలో చాలా విన్నాడు గానీ, అది ఈ పొరుగువాణ్ని గురించి కాదని అతని గట్టి నమ్మకం.

ప్రత్యూష ఒకటి, రెండు, మూడు అని చెప్పి ఇద్దరి చేతా ఒకేసారి మీట నొక్కించింది. లైను లేచింది.

“ఇప్పుడు లిస్టు. మీ కస్టమర్ల అడ్రసుల గుంపులు మాత్రమే అవతలికి చెప్పాలన్నా. ఫలానా వాళ్లు మావాళ్లు, వాళ్ల కబుర్లు నా దగ్గిరికి తోలండి అని. మద్రాసు మీకు చూపించే మిగతా లోకం ఉండాదే, దాన్ని మాత్రం చెప్పబాకండి. ఈ లిస్టే దానికి అడ్డు,” అంది. గుర్తుంటుందని ఆ లిస్టుకు ‘మావాళ్లు’ అని పేరు కూడా పెట్టింది. పెంచలకృష్ణకు ఆ పేరు తెగ నచ్చింది. అందులో నాలుగు గుంపులు రాసింది.

హెబ్రోను తన స్క్రీను చూసుకున్నాడు. “మేడం, ఆయన తట్టు నించి నాలుగే వచ్చినాయి. ఇంకా వస్తా ఉండాయా?”

“అంతేనండీ.”

“ఓహో, అంతేనా. నాయి ఆరు పోయినాయి లెండి.”

ఆ ‘లెండి’ ఉంది చూశారూ, అది పెంచలకృష్ణకు రాత్రి అన్నం సయించనివ్వలేదు. ఆరు అంటే పోనీలే అనుకునేవాడు. లెండి ఏమిటి?

శుక్రవారం పొద్దుట్నుంచీ ముసురు. పన్నెండు గంటలకు దుకాణంలో ఒక్కడే కూర్చుని ‘మావాళ్లు’ లిస్టు తెరిచాడు. నాలుగు. ఎన్ని వందల మందిని మావాళ్లనే మనిషి తను, నాలుగేమిటి? ఈ లిస్టు అనేది ఒక అడ్డు అని ప్రత్యూషే చెప్పింది కదా. అడ్డు తీస్తే హెబ్రోను స్క్రీను మీద ఎన్ని కనబడతాయో ఒక్క నిమిషం చూద్దాం అనుకున్నాడు. తీశాడు. అవతలికి పోయే గుంపుల అంకె నాలుగు నుంచి తొమ్మిది లక్షల పైకి పోయింది. కూతురికి ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా అతనికి అంత తృప్తి కలగలేదు. ఇప్పుడు లెండి అనమను చూద్దాం అనుకుని, షట్టరు సగం దించి భోజనానికి పోయాడు.

హెబ్రోను బాక్సు పాపం అమాయకపుది. లోకమంతా పెంచలకృష్ణ వాళ్లేనంటే నమ్మింది. నమ్మి ఊరుకుందా, లోకానికి దగ్గర దారి దొరికిందని తనకు లైనిచ్చే పై కంపెనీ బాక్సుకు చెప్పింది. అక్కడ ఇలాంటివి వడపోసే కాపలా ఉండాలి, లేదు. ఆ బాక్సూ నమ్మింది. కాసేపట్లో సగం జిల్లా సినిమాలూ, పాటలూ, పోట్లాటలూ, కావలి కాలేజీ పిల్లల పరీక్షలూ, ముత్తుకూరు రేవు లారీల గేటు పాసులూ కట్టగట్టుకుని మొగిలిపాళెం దారి పట్టాయి. దారంటే ఏముంది, కాలవ మీద వెంట్రుకంత గాజు పోగు, దాని చివర బీరువా మీద టేబుల్ ఫ్యానుకు ఎదురుగా పెట్టిన పెంచలకృష్ణ బాక్సు. అంత లోకాన్ని మోయలేక అది చతికిలబడింది.

పై కంపెనీవాళ్లు వెతికి, ఈ గొడవంతా హెబ్రోను వైపు నుంచి వస్తోందని తేల్చి, అతని లైను తీసిపారేశారు. ఎప్పుడైతే పెంచలకృష్ణతో కలిశానో అప్పుడే నా ఖర్మ కాలిందని హెబ్రోను కాలవ వైరు పీకేశాడు. ఉప్పుగుంటపాళెం మొత్తం మూగబోయింది.

పెంచలకృష్ణ మజ్జిగన్నంలో ఉండగా ఫోన్లు మొదలయ్యాయి. “పైనించే ప్రాబ్లం” అని నలుగురైదుగురికి చెప్పాడు. ఇంటర్నెట్ అమ్మేవాడికి అది పుట్టుకతో వచ్చే మాట. ఆరో ఫోను ప్రత్యూషది.

“అన్నా, మావాళ్లు లిస్టు ఏమైంది?”

“ఉండాదే. ఏమ్మా?”

“లేదు. లోకమంతా మీవాళ్లేనని చెప్పినారు. లోకమంతా మీ ఇంటికొచ్చింది.” తిట్టాల్సింది తిట్టకుండా ఆమె లిస్టును మళ్లీ పెట్టేసింది. “ఇప్పుడు మీ లైను బాగానే ఉండాది. పాపం హెబ్రోను గారిదే పోయింది. తప్పంతా ఆయన జేసినాడని పైవాళ్లు అనుకుంటా ఉండారు. సోమవారం దాకా ఇయ్యరంట.”

అతను చెయ్యి కడుక్కుని దుకాణానికి వచ్చేసరికి వెంకటశేషమ్మ షట్టరు కింద వంగి లోపలికి వస్తోంది. మొహం పాలిపోయి ఉంది.

“గుంటలొక్కటీ కనపడ్లా పెంచలా. ఎండ లేదు గదా, ఈ ముసురుకి ఆక్సిజన్ దిగిపోతాది. మా ఆయన్ని బండి మీంద కొత్త వంతెన తట్టు చుట్టి పొమ్మని తరిమినా, ఆయన పొయ్యేతలికి గంట. ఆ హెబ్రోను నా కొంప ముంచినాడబ్బా. ఇంక వాడితో పన్లే. రేపే నీ వైరు అవతలి దాకా గుంజు. రెండొందల పన్నెండూ నీకే.”

పెంచలకృష్ణ ఆ మాట మనసులో మళ్లీ చెప్పుకున్నాడు. రెండొందల పన్నెండూ నీకే. కాలవ అవతలవి కూడా. అడగకుండా, తగువు లేకుండా, హెబ్రోను దుకాణం దానంతటది మూతపడుతుంది. చేయాల్సిందల్లా ‘సరేనక్కా’ అనడం. అదీ అనక్కర్లేదు, తల ఊపితే చాలు. పదకొండేళ్లుగా ఈ రోజు కోసమే బతికాడా అన్నంత ఆశ పుట్టింది అతనికి. వెంటనే సిగ్గేసింది. ఆశ పోలేదు, దాని పక్కనే సిగ్గు కూడా వచ్చి కూర్చుంది.

“అక్కా, వాడు గాదు. నేను,” అన్నాడు.

“ఏంది నువ్వు?”

“జేసింది నేను. వాడు నాలుగేనా అన్నాడని లిస్టు తీసేసినా. వాడి తప్పేం లేదు.”

“నాలుగేంది?”

“చెప్పినా అర్థం గాదక్కా. అర్థమైతే నాకింకా సిగ్గు.”

వెంకటశేషమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. “సిగ్గు మళ్లా పడుదువులే. ముందు నా రొయ్యల్ని జూడు.”

పెంచలకృష్ణ ఫోన్ తీశాడు. పదకొండేళ్లలో నేరుగా చేసిన మొదటి ఫోన్ అది.

“చెప్పండి,” అంది హెబ్రోను గొంతు, కర్రలాగా.

“నేన్రా. కాలవ వైరు మళ్లీ పెట్రా. గుంటల కబురు దాని మీంద నేరుగా వస్తాది, నీ పై లైనుతో పన్లేదు.”

“పెట్టను. ఆ వైరుతోనే మునిగినా.”

“వైరుతో గాదు, నాతో మునిగినావు.” ఇక ఆగకుండా మొత్తం చెప్పేశాడు. లెండి గురించి కూడా చెప్పాడు. పక్కన నిలబడ్డ వెంకటశేషమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. “నా నాలుగు జూసి నవ్వినావురా నువ్వు,” అని ముగించాడు.

“యాడ నవ్వినా? ఊరికే అడిగినా.” అంతలోనే గొంతు తగ్గింది. “నవ్వినాలే,” అన్నాడు హెబ్రోను. వెనకాల కుర్చీ జరిపిన చప్పుడు. “పెట్టినా. జూడు.”

వెంకటశేషమ్మ సంఘం ఆఫీసుకు పరుగెత్తింది. ఆమె గడప దాటకముందే కంప్యూటరు గోల వీధిలోకి వినబడింది. అయిదు గుంటల్లో ఆక్సిజన్ అడుగంటుతోంది. ఆమె మీటలన్నీ నొక్కేసింది. అవతల చక్రాలు తిరిగాయి. హజరత్తయ్య, అంటే ఆమె మొగుడు, తడిసి ముద్దై గుంటల దగ్గరికి చేరేసరికి ఆయన చేయాల్సిన పనేమీ మిగల్లేదు. నీళ్లు చిలుకుతుంటే చూస్తూ నిలబడ్డాడట.

రొయ్యలు దక్కాయి గానీ, ఉప్పుగుంటపాళెం ఇళ్లకు లోకం ఇంకా లేదు. సోమవారం దాకా వాళ్ల కబుర్లు కూడా పెంచలకృష్ణే మోయాలంటే, హెబ్రోను ఆరు గుంపులూ తన కింద ఉన్నాయని తనకు లైనిచ్చే మద్రాసు కంపెనీకి చెప్పాలి. ప్రత్యూష అడిగితే హెబ్రోను లెటర్‌హెడ్ మీద ‘నా అడ్రసులు పెంచలకృష్ణ మోయుటకు నాకు సమ్మతమే’ అని రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపాడు. పెంచలకృష్ణ లిస్టు తెరిచి ఆ ఆరూ తన నాలుగింటి కింద ఒక్కొక్కటే రాశాడు. ఒక్కో అంకె రెండుసార్లు సరిచూసుకున్నాడు.

మద్రాసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. “ఏమండీ, ఈ ఆరు కొత్తగా వచ్చిందే, ఎవరిది?”

“మావాళ్లే సార్,” అన్నాడు పెంచలకృష్ణ. వేలసార్లు అన్న మాటే. ఈసారి మాత్రం అడక్కుండానే రెండోసారి కూడా చెప్పాడు.

సాయంత్రం వెంకటశేషమ్మ దుకాణం ముందు ఆగింది. “పెద్ద కంపెనీవోడు మళ్లా ఫోన్ జేసినాడు. ఏమబ్బయ్యా, ఎప్పుడన్నా తప్పు మాదేనని మీరు ఒప్పుకుంటారా అనడిగినా. లైన్లో ఉండమని పాట పెట్టినాడు.” ఆమె గొడుగు విప్పుకుంది. “మీరిద్దురే ఉండండి. ఇంకొక్కసారి నాలుగూ ఆరూ అన్నారా, ఆ కవర్లు మళ్లీ తెస్తా.”

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో హెబ్రోను ఫోన్.

“పెంచలా, నీ నెట్టు స్లోగా ఉండాదిరా.”

“ఉంటాదిరా. రెండూళ్లోళ్లమూ ఒక్క వైరు మీందుండాం.”

“నన్ను తిడతా ఉండారు. ఏం జెప్పేది వాళ్లకి?”

పెంచలకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. “నా నంబరియ్యి. నన్నే తిట్టమను.”

ఏడు గంటల లోపల ఉప్పుగుంటపాళెం నుంచి నలభై మంది ఫోన్ చేసి తిట్టారు. అతను ఒక్కొక్కరి పేరూ అడిగి, ఏ వీధో కనుక్కుని, అందరికీ జవాబు చెప్పాడు.