ముందుగా పంపిన పిండి

ఎప్పుడో బిష్కెక్ నగరం వైపు వలసవచ్చి ఆ లోయలో స్థిరపడ్డ జర్మన్ల ఊళ్లో ఎవరింటికైనా అగనేత కలిపిన పిండిముద్ద వచ్చిందంటే వేరే కబురు అక్కర్లేదు. ఎవరో పోయారన్నమాటే. ఆ ముద్దతో ఇంటింటా ఒకదాని నెత్తిన ఒకటి కూర్చునే జంటరొట్టెలు కాల్చి, పోయినవాళ్ల ఇంటికి తెస్తారు. సొంత భర్త ఇసాక్ పోయిననాడు కూడా పిండి కలిపింది అగనేతే.

కోడలు ఇర్మాకు ఐదో నెలలో బిష్కెక్ డాక్టరమ్మ పరీక్ష చేసి, బిడ్డకు తల పైభాగం ఏర్పడలేదనీ, పుట్టినా బతకడనీ, ఇప్పుడే తీయించేస్తే తల్లికి క్షోభ తగ్గుతుందనీ చెప్పింది. చెడ్డమనిషి కాదు, చెబుతూ తనే కళ్లు తుడుచుకుందట. కొడుకు కొర్నేయ్ ఎటూ తేల్చుకోలేక గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

అగనేత ఒక్కటే మాట అంది. "ఊపిరిచ్చినవాడికి ఎప్పుడు తీసుకోవాలో కూడా తెలుసు. మనం ముందుపడకూడదు."

ఆ మాట పట్టుకునే ఇర్మా మిగిలిన నెలలు మోసింది. కనుబొమల దాకా దిగే ఉన్నిటోపీ ఒకటి అల్లి దిండుకింద దాచుకుంది.

నొప్పులు మొదలైన ఉదయం మంచు కురుస్తోంది. మంత్రసాని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అగనేతకు చేతులు ఊరుకోలేదు. బిడ్డ ఎక్కువసేపు ఉండడన్నారు. మంచు పెరిగితే దారులు మూసుకుపోతాయి. పిండి పొంగడానికి సమయం కావాలి. పాలు వెచ్చబెట్టి, వెన్న వేసి, పెద్ద బేసిన్‌లో కలిపి, ముద్దలు గుడ్డల్లో చుట్టి పొరుగింటి సారా చేత ఇంటింటికీ పంపించింది. మనవడికి ఏ లోటూ రానివ్వలేదని తృప్తి కూడా పడింది.

బిడ్డ పుట్టాడు. ఏడవలేదు గాని ఊపిరి తీసుకున్నాడు. మధ్యాహ్నం దాటినా తీసుకుంటూనే ఉన్నాడు.

అప్పుడు వచ్చారు ఆడవాళ్లు, నల్ల తలగుడ్డలు కట్టుకుని, వేడివేడి రొట్టెల బుట్టలతో. లోపలి గదిలోంచి ఇర్మా జోలపాట వినబడి గుమ్మంలోనే ఆగిపోయారు.

సారా గొంతు తగ్గించింది. "అదేంటక్కా, బిడ్డ ఉన్నాడా?"



"ఎవరత్తయ్యా వచ్చింది?" లోపలినుంచి ఇర్మా అడిగింది. "రొట్టెల వాసనొస్తోంది."

అబద్ధం ఆడటం అగనేతకు రాదు. మంచం దగ్గరికి వెళ్లి, చేసిన పని చెప్పింది. ఇర్మా బిడ్డ టోపీ సవరించింది.

"ముందుపడకూడదన్నది మీరే కదత్తయ్యా."

అగనేత తల వంచుకుంది. ఇర్మానే మళ్లీ అంది. "ఆ నల్లగుడ్డలు తీసేసి రమ్మనండి. మీ మనవణ్ణి చూడటానికి వచ్చారనుకుంటాను. ఉన్నవాడి పేరుమీదే తిందాం."

వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు వాణ్ణి ఎత్తుకున్నారు. తాత పేరే పెట్టారని విని సారా వాడి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ముక్కు అచ్చం మా ఇసాక్ బావదే. మంచు తుఫానులో మనిషికంటే ముందు ముక్కే ఇల్లు చేరేది."

ఐదో నెల తర్వాత ఇర్మా నవ్వడం అదే మొదలు. బుట్టలు ఖాళీ అయ్యాయి. పక్కమీద రాలిన రొట్టెపొడిని ఎవరూ దులపలేదు.

పొద్దు వాలుతుండగా, ఇర్మా కునుకు తీస్తున్నప్పుడు, నానమ్మ ఒడిలో ఇసాక్ ఊపిరి ఆగింది. మంత్రసాని చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపింది. ఇర్మా లేచి వాణ్ణి గుండెలకు హత్తుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాక, బిడ్డ మళ్లీ అగనేత ఒడికే వచ్చాడు.

బయట సారా నిలబడి ఉంది, ఈసారి నిజంగానే పిండి కోసం. కొర్నేయ్ వచ్చి తల్లి భుజంమీద చెయ్యి వేశాడు.

"అమ్మా, పిండి కలపాలి."

అగనేత టోపీ కింద అరచెయ్యి పెట్టి చూసింది.

"ఉండరా," అంది. "ఇంకా వెచ్చగానే ఉన్నాడు."